పందికొక్కు కాదు, నేనే

నేను మన్ను తిన్నాను. ఒక దినం కాదు, మూడు నెలలు తిన్నాను. ఈ మాట ముందే రాసేస్తాండా. తర్వాత ఇంకొకరి నోట విని మూతి తిప్పుకునే బదులు ఇప్పుడే తిప్పుకోండి. తిప్పుకున్నోళ్లు కాగితం కింద పెట్టి పోవచ్చు. ఉన్నోళ్లకు చెప్తా.

మాది ఉరవకొండ పక్క పల్లె. మెట్టచేను, శెనక్కాయ పంట. నాకి డెబ్బై దగ్గర పడినాయి. సరిగ్గా ఎన్నో తెలీదు. నేను పుట్టిన దినం మా నాయన యాడా రాసిపెట్టలే, ఆయనకు రాయను వచ్చింటే కదా. నాకూ యాభై దాటినాకనే అక్షరాలు వచ్చినాయి. మా ఊరి బడిలో సాయంత్రం పూట పెద్ద ఆడోళ్లకు చదువు చెప్తాంటే పోతి. పదిమందిమి కూర్చుంటిమి. అందులో నలుగురు బలపంతో రాసింది తక్కువ, కొరికి తినింది ఎక్కువ. "సిగ్గుమాలినోళ్లారా, పసిపిల్లోళ్లు మీకంటే మేలు" అని నేను నవ్వితి. ఆ నవ్వు గుర్తు పెట్టుకోండి. మళ్ల దాని దగ్గరికి వస్తా.

పోయిన ఏడు స్వాతి కార్తెలో మొదలైంది. కాయ పీకే పని. నేను సాలు పట్టుకుంటే చివరికి పోయిగాని నడుము ఎత్తేదాన్ని కాదు. ఆ దినం సగం సాలుకే ఊపిరి అందలే. పోయి గట్టు మీద కూర్చుంటి. పక్క సాలులో ఉండే ఆడోళ్లు "ఏమక్కా, దొరసాని మాదిరి కూర్చుంటివి?" అన్నారు. "ఊపిరి ఆడటం లేదు" అంటే "వయసైంది కదా" అన్నారు. వారానికి కాళ్లు వాచినాయి. వేలితో నొక్కితే గుంత పడి అట్లే నిలిచిపోయేది. మా కొడుకు ఓబులేసుకు చూపిస్తి. వాడూ అదే మాట: "వయసైంది కదమ్మా." మా పక్క ఆడది కూర్చుంటే సోమరిది, పండుకుంటే వయసైంది, పోతే పుణ్యాత్మురాలు. నాలుగో మాట నేను వినలే.

పండుకుంటే ఎవరో ఎద మీద రాతిగుండు పెట్టినట్టయి లేచి కూర్చుంటాంటే, అప్పుడు ఓబులేసుకు భయం పట్టుకుంది. అనంతపురం పిల్చుకపోయినాడు.

ఆసుపత్రిలో కూర్చునేది గూడా సేద్యమే. పొద్దున్నే పోయి చీటీ తీసుకోవల్ల. తర్వాత వానాకాలంలో మబ్బు కల్లా చూసినట్టు ఆ తలుపు కల్లా చూస్తా ఉండల్ల. వస్తాదో రాదో దేవునికెరుక. నా పక్క కుర్చీలో ఒకాయప్ప, ఎప్పుడూ చూడని మనిషి, నా కాళ్ల వాపు చూసి తన సంచి తీసి నా కాళ్ల కింద పెట్టినాడు. "నా గుడ్డలే ఉండాయిలే తల్లీ, నలిగితే నలగనీ" అన్నాడు. ఆ దినం నన్ను మనిషి మాదిరి చూసింది ఆయప్ప ఒక్కడే.

డాక్టరు నా కల్లా చూళ్లేదు. నేను ఆయప్ప మొగం చూస్తి, ఆయప్ప నా కాగితాల మొగం చూసినాడు. "గుండె బలహీనపడింది. బోరు మోటరు ఉంటాది చూడు, అది సరిగ్గా నీళ్లు ఎత్తకపోతే ఏమవుతాది?" అన్నాడు. మా జిల్లాలో గుండె అంటే బోరు మోటరే. మోటర్లు కాల్చుకొని కాల్చుకొని మాకు ఇంకేమీ తెలీదని అనుకుంటారేమో. "రక్తం ఎట్లుంది సార్?" అని ఓబులేసు అడిగినాడు. "రోంత తక్కువ. వయసుకు పర్వాలేదు" అన్నాడు. ఆడా వయసే.

అబద్ధం చెప్పకూడదు, మందులు పనిచేసినాయి. నీళ్లు పోయే మాత్రకు కాళ్ల వాపు దిగింది. పండుకుంటే ఊపిరి అందింది. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గిస్తి. ఉప్పు లేని ఊరిబిండి, అదే రోటి పచ్చడి, ఎట్లుంటాదో నేను రాయను, తినేవాళ్లకు తెలుసు.

అయితే సత్తువ రాలే. దీపావళి అయిపోయింది, చలి వచ్చింది, నేను మాత్రం ఇంటి నుంచి మేకల కొట్టం దాకా పోయేదానికి రెండు తూర్లు నిలబడాల్సి వచ్చేది. నలభై అడుగులు కూడా లేదు ఆ దూరం. ఎవరికి చెప్పినా "గుండె జబ్బు కదా, అట్లే ఉంటాది" అన్నారు. ముందు వయసు, తర్వాత గుండె. మనిషిని మూలకు తొయ్యాలంటే జనానికి ఒక మాట దొరికితే చాలు.

మన్ను సంగతి అప్పుడు మొదలైంది. కల్లంలో ఎండబోసిన శెనక్కాయలు ఏరుతాండా. ఒక కాయకు మన్ను గడ్డ అంటుకునింది. ఊదల్ల కదా? నోట్లో పెట్టుకుంటి. చప్పరిస్తి. ఆ రుచి ఏమని చెప్పేది, వానకు ముందు వచ్చే వాసన నాలుక మీద కూర్చున్నట్టు ఉండాది. కాయ ఊంచేస్తి, మన్ను మింగితి. మరుసటి దినం కాయలు ఏరేదానికని పోయి మన్ను ఏరుకుంటి. కల్లం ఎత్తేసినాక కొట్టం గోడ మీద పడితి. పాత మట్టిగోడ, ఎర్రమన్నుది. గోరుతో గీకితే పలుకులు పలుకులుగా రాలేది. కొంగులో కట్టుకొని, మన్ను కోసం నోరు కొట్టుకున్నప్పుడల్లా ఒక పలుకు. నోట్లో అది కరుగుతాంటే నాకి సిగ్గూ గుర్తుండదు, ఊపిరీ గుర్తుండదు.

సిగ్గు తర్వాత వచ్చేది. సిగ్గు వెనక భయం వచ్చేది. ఎందుకంటే మా పక్క ఒక మాట ఉండాది. కడుపుతో ఉండే పిల్ల మన్ను తింటే ముచ్చట, ముసలిది తింటే పిలుపు. మన్ను పిలుస్తాండాది అంటారు, మనిషి పోయే కాలం దగ్గరికొచ్చిందని. మా అత్త పోయే ముందు పుట్టమన్ను అడిగింది. నేనే తెచ్చిస్తి. నెల తిరక్కుండా పోయింది. ఆమె నోట్లో ఆ మన్ను పెట్టిన చెయ్యి ఇదే.

అక్షరాలు నేర్చుకున్నదాన్ని, మందుల డబ్బా మీద పేరు చదువుకునేదాన్ని, నాకి ఈ మాట మీద నమ్మకం ఉండకూడదు. ఉండింది. చదువు తల వరకే పోతాది, భయం కడుపులో ఉంటాది. రెండోసారి అనంతపురం పోయినప్పుడు అదే డాక్టరు "ఇంకేమన్నా ఉందా?" అని అడిగినాడు. "ఏమీ లేదు సార్" అంటి. కొంగు ముడిలో మన్ను పలుకులు ఉండాయి.

శివరాత్రి వచ్చేసరికి గోడకు గుంత పడింది. మా కోడలు సుజాత చూసింది.

"అత్తా, కొట్టం గోడను పందికొక్కు తోడతాండాది. మొన్న పిడికెడు ఉండె గుంత, ఈ పొద్దు చెంబు పట్టేంత అయింది."

"ఉండనీలే."

"ఉండనిస్తే గోడ కూలి మేకల మీద పడుతుంది. నువ్వు కట్టిస్తావా కొత్తది?"

నాకూ ఆ పిల్లకూ ఎప్పుడూ ఇట్లనే. నేనొకటి అంటే తను రెండు అంటాది. పన్నెండేండ్లుగా ఒక పొయ్యి మీద వండుకుంటాన్నాం, ఒక మంచి మాట అనుకున్నట్టు నాకి గుర్తులేదు.

మరుసటి దినం మధ్యాన్నం నా నోరు మళ్ల కొట్టుకుంది. కాళ్లు వాటంతట అవే కొట్టంలోకి పోయినాయి. చూస్తే మేకలు లేవు. గుంతలో బొరుగులు, వాటి మీద ఎర్రగా ఏదో పూసిండారు. గుంత చుట్టూ గోడకు గూడా పూసిండారు. నేను చెయ్యి చాపి నిలబడిపోతి.

"అత్తా! ముట్టొద్దు!" సుజాత వెనక నుంచి పరిగెత్తుకొని వచ్చింది. "ఎలకల మందు పెట్టినా. మేకలను గూడా బయట కట్టేసినా."

"తీసెయ్" అంటి.

"ఎందుకు తీసేది? చావనీ దాన్ని."

"అది పందికొక్కు కాదు."

"మరి యాదో నువ్వు చూసినావా?"

"నేనే."

ఆ పిల్లకు అర్థం కాలే. తర్వాత నా గోళ్లు చూసింది. సందుల్లో ఎర్రమన్ను. తన మొగంలో రక్తం లేకుండా పోయింది. నా రెండు చేతులూ పట్టుకొని ఊపేసింది. "ముట్టినావా? ఈ పొద్దు నోట్లో పెట్టినావా? చెప్పు, పెట్టినావా?" "లేదు" అంటే నమ్మలే. నా నోరు తెరిపించి చూసింది. చెంబుతో నీళ్లు తెచ్చి పుక్కిలించమనింది. గోళ్లు ఒక్కొక్కటీ తోమి కడిగింది. ఇంకొక ఘడియ ముందు పోయింటే నేను తినేసేదాన్ని, ఆ పిల్ల జీవితాంతం నన్ను చంపినదై ఉండేది. నా సిగ్గుకు ధర అంత.

మొగునికి చెప్పక తప్పలేదు తనకు. ఓబులేసు విని ఏడిసినాడు. మంచోడే, కానీ వాడు ఏడ్చిన ప్రతిసారీ తర్వాత ఏదో పనికిమాలిన పని చేస్తాడు. ఆ వారం అనంతపురం పోవాల్సి ఉంటే, "ఇంకెందుకులే తిప్పేది, అమ్మను ఇంటికాడనే సుఖంగా ఉండనీ" అన్నాడు. వాళ్ల మేనత్త గంగులమ్మకు ఫోను చేసినాడు. అంటే నా ఆడబిడ్డ. ఆమెకు చెప్తే చాలు, మండలానికి చెప్పినట్టే.

వచ్చినారు జనం. డజను అరటిపండ్లు, ఒక నిట్టూర్పు. నా మొగం ఒక్కరూ చూళ్లేదు, అందరి చూపూ నా నోటి మీదనే. మన్ను కనపడతాదేమో అని. గంగులమ్మ కొత్త చీర తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమే చెప్పల్ల, నేను చెప్తే బాగుండదు.

"వదినే, ఏది తినాలనిపిస్తే అది తిను. ఇంక పత్యమేమిటికి నీకు" అనింది. పక్కనున్నోళ్లతో, "మా వదినె అదృష్టవంతురాలప్పా, మన్నే నోరు తెరిచి పిలిచింది. అందరికీ దొరుకుతాదా?" అనింది.

"అంత అదృష్టమైతే నువ్వు ముందు పోయి నాకి ఆడ రోంత జాగా పట్టి పెట్టు" అంటి. అనేటప్పటికే ఆయాసం. మాట మొత్తం ఒక ఊపిరిలో రాలే. లోపల మాత్రం నాకీ అదే అనుమానం. ఆమెను తిట్టే నోరే గోడ కల్లా గుంజతాండాది.

అప్పుడు సుజాత వంటింట్లో నుంచి వచ్చింది. చేతిలో తట్ట టక్కున కింద పెట్టింది.

"పెద్దమ్మా, పెద్దోడు నా కడుపులో ఉన్నప్పుడు నేను బియ్యం బుక్కినా. పొయ్యి మన్ను తిన్నా. నర్సు రక్తం చూసి ఒంట్లో ఇనుము లేదనింది. మందులిస్తే నాకి ఆ బుద్ధే పోయింది. అప్పుడు నన్ను ఎవరు పిలిచినారు? బియ్యం పిలిచినాయా?"

ఓబులేసు గొణిగినాడు, "అది కడుపుతో ఉన్నప్పుడు. ఇది వేరే."

"రక్తం వేరేనా? అప్పుడు మీ అమ్మ నన్నేమనిందో అడుగు. బియ్యం ధర తెలీని ఇంట్లో పుట్టినావు అనింది."

అన్నాను. నిజమే. ఇంకా ఎక్కువే అన్నాను, తను తగ్గించి చెప్పింది.

మరుసటి దినం మొగుణ్ణి అడక్కుండా నన్ను బస్సెక్కించింది. కిటికీ పక్క సీటుకోసం ఇంకొకరితో కొట్లాడింది. దిగేటప్పుడు నా సంచి తనే పట్టుకునింది.

ఆ దినం పాత డాక్టరు సెలవు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉండె. అంతా చూసి, అదే ప్రశ్న అడిగింది. "ఇంకేమన్నా ఉందా అవ్వా?" నా నోరు "ఏమీ లే" వరకు పోయింది. సుజాత మోచేత్తో డొక్కలో పొడిచింది.

"మన్ను తింటా" అంటి, నేల కల్లా చూస్తా.

డాక్టరమ్మ నవ్వలే. కలం కింద పెట్టింది. "ఎప్పటినుంచి? ఏం మన్ను?" అని అడిగింది. ఏం మన్ను అని నన్నడిగిన డాక్టరు ఆమె ఒక్కతే. "కొట్టం గోడది. ఎర్రది. మూడు నెలలైంది" అంటి. రక్తం తీయించింది. ఇనుము కోసం వేరే పరీక్ష రాసింది, ముందెవరూ రాయంది. ఫలితం వచ్చినాక పిల్చి చెప్పింది.

"రక్తం మరీ తక్కువ లేదవ్వా, అందుకే ఎవరికీ తట్టలేదు. కానీ ఒంట్లో దాచిపెట్టుకునే ఇనుము అడుగంటింది. గుండె కూడా కండే, దానికీ ఇనుము కావాలి. గుండె బలహీనంగా ఉండేవాళ్లలో శానామందికి ఇట్ల తగ్గిపోతుంది. ఆయాసం, నీరసం అన్నీ జబ్బు మీదికి తోసేస్తాం."

"అంటే తినేదానికి కాయలుండాయి, విత్తనానికి లేవు, అంతేనా?"

"అంతే. విత్తనం కాయలే తినేస్తా వచ్చినావు ఇన్నాళ్లూ."

"మరి మన్నులో ఇనుము లేదా?"

"ఉన్నా నీకి అందదు. నువ్వు తినే తిండిలో ఉండేదాన్ని గూడా అది లాక్కొని పోతాది. మాత్రలూ నీకి సరిపోవు, ఈ జబ్బులో కడుపు ఇనుమును సరిగ్గా పట్టుకోదు. నరానికి ఎక్కిస్తాం."

నేను అడగల్సింది ఇంకొకటి ఉండె. సుజాతే అడిగింది. "మా పక్క ముసలోళ్లు మన్ను తింటే మన్ను పిలిచినట్టు అంటారు మేడం. అత్త దానికే భయపడింది."

"ఇనుము తగ్గితే ఇట్ల బుద్ధి పుట్టేది మామూలే. ఈ వారంలో అవ్వ రెండో మనిషి" అనింది డాక్టరమ్మ.

రెండో మనిషినంట! చావు నన్నొక్కదాన్నే పేరు పెట్టి పిలుస్తాండాదని నేను మూడు నెలలు లోలోపల వణికితి. ఊరంతా వచ్చి అరటిపండ్లు పెట్టిపోయినారు. తీరా చూస్తే వారంలో రెండో నెంబరు.

ఇనుము ఎక్కించిన దినం ఒక కుర్చీలో కూర్చోబెట్టినారు. సీసాలో మందు కొత్త బోరులో మొదట వచ్చే తుప్పు నీళ్ల రంగు. ఎక్కినంతసేపూ ఒక నర్సు పక్కనే నిలబడి నా మణికట్టు పట్టుకొని, "దురద ఉందా? గుండెలో ఏమన్నా అవుతోందా?" అని అడుగుతానే ఉండె. ఆమె చెయ్యి వెచ్చగా ఉండె. గంట గూడా పట్టలే. ఇంతేనా అంటి. ఇంతే అనింది.

రెండు వారాలకు నోరు కొట్టుకునేది మానింది. ఒక పొద్దు కొట్టంలోకి పోయి గోడ ముందర నిలబడి చూస్తి. గోడ. అంతే. ఉగాది దాటినాక రెండోసారి ఎక్కించినారు. రోహిణి ఎండల్లో, జనం నీడకు పోయే కాలంలో, నేను పొద్దున్నే చేను దాకా నడిచి వస్తి, గట్టు మీద ఒక్కసారి మాత్రం కూర్చొని. గుండె కొత్తదేమీ కాలే. గుండె మందులన్నీ ఇప్పటికీ మింగుతాండా, ఉప్పు ఇప్పటికీ తక్కువే. ఇనుము ఎక్కిస్తే గుండె బాగైపోతాదని ఎవరన్నా చెప్తే వాళ్లను నమ్మొద్దండి. రక్తం చూడకుండా ఇనుము మింగమనేవాళ్లను అసలే నమ్మొద్దండి.

ఊర్లో మాత్రం అందరూ డాక్టర్లే ఇప్పుడు. బీట్రూటు తినమంటారు, ఎర్రగా ఉంటాది కాబట్టి రక్తమవుతాదంట. ఎర్రగా ఉంటే చాలనుకుంటే మా చేను మన్ను కంటే ఎర్రనిది యాడుండాది? నేను తిని చూసినా కదా.

ఇంక ఆ నవ్వు దగ్గరికి వస్తాండా. బలపం తినిన నలుగురిలో ఒకామె రెండేండ్ల కిందట పోయింది. ఆయాసంతోనే. "వయసైంది" అన్నారు. నేనూ అన్నాను. మిగిలిన ముగ్గురి ఇండ్లకూ పోతి. ఒకామె వాకిట్లోనే నిలబెట్టింది. "ఏమక్కా, మన్ను తిన్నావంట కదా?" "తిన్నా. నువ్వు బలపం తినలే? పద, రక్తం చూపించుకో" అంటి. ఇద్దరు వచ్చినారు. మూడో ఆమెకు సిగ్గు. నాకి తెలుసు ఆ సిగ్గు ఎంత తెలివితక్కువదో. ఆమె ఇంటికి మళ్ల పోతా, మళ్ల పోతా, తిట్టుకుంటానే పోతా.

మృగశిరలో వాన పడింది. రెండు గంటలు బాగా కొట్టింది. మరుసటి పొద్దు అందరం చేను కాడికి పోయినాం. నేను గంగులమ్మ తెచ్చిన చీర కట్టుకుంటి. చీర బాగుండాది, దాచిపెట్టి ఏం చేసేది? విత్తనం వేసే గొర్రు దింపినారు. తడిసిన మన్ను వాసన చేనంతా లేచి ఉండాది. నేను వంగి ఒక పిడికెడు మన్ను ఎత్తుకుంటి.

ఓబులేసు చేతిలో తాడు అట్లే ఆగిపోయింది. గంగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "అమ్మా..." అన్నాడు వాడు.

నేను పిడికిలి బిగించి తెరిస్తి. ముద్ద విడిపోలే, నాలుగు వేళ్ల అచ్చు దిగి నిలబడింది. దాన్ని సుజాత చేతిలో పెడితి. ఆ పిల్ల ముద్దను చూసింది, నన్ను చూసింది. తనూ ఒకసారి పిసికింది.

"పదునైంది అత్తా" అనింది.

"ఏం చూస్తాండారప్పా అట్ల, మన్ను ఎప్పుడూ చూడలేదా? గొర్రు కట్టండి" అంటి.